ఆయాసమను నొక్కమాట చాలదు

సుంగై పెటాని చుట్టునున్న తోటలలోను, తోటలు విడిచి పట్టణపు అంచులకు వచ్చి స్థిరపడినవారి వరుస యిండ్లలోను, ఊపిరి సరిగా ఆడనివారిని గూర్చి తెలుగువారు వాడుమాట ఒక్కటే, అది "ఆయాసము". మలయా భాష కలిసినచోట దానినే "సెంపుట్" అందురు. రాత్రివేళ ఎడతెగని దగ్గు వచ్చినను ఆయాసమే. పిల్లవాని రొమ్ములో పిల్లికూతలు వినబడినను ఆయాసమే. గట్టెక్కునప్పుడు నడివయసువానికి రొమ్ము బిగబట్టినను ఆయాసమే. పాదములు వాచి, పడుకొనలేక, గోడకు ఆనుకొని రాత్రియంతయు కూర్చుండు ముసలితల్లికిని ఆయాసమే. ఈ నలుగురి రోగములును నాలుగు విధములైనవి కావచ్చును. వాని మందులు వేరు, వైద్యునియొద్దకు పోవలసిన త్వర వేరు. ఒకదాని మందు మరియొకదానికి పనికిరాకపోవుటయే గాక కొన్నియెడల కీడు చేయును. అయినను ఇంటిలో పేరొక్కటే యగుటచేత విచారణ అక్కడనే ఆగిపోవుచున్నది. "వానికి చిన్ననాటినుండియు ఆయాసమే గదా" యని చెప్పి ఊరకుండుటవలన, చికిత్సకు లొంగవలసిన రోగము ముదిరి ప్రాణముమీదికి వచ్చిన యిండ్లు ప్రతి తోటలోను కలవు.

ఈ పట్టణమున ఊపిరిని గూర్చిన మొర బహిరంగముగా వినబడిన కాలము దూరమైనది కాదు. 2018 జనవరిలో చైనాదేశము పరదేశముల ప్లాస్టిక్ చెత్తను దిగుమతి చేసికొనుట మానివేసెను. అంతవరకు అచ్చటికి పోవుచుండిన చెత్తలో పెద్దభాగము మలేషియా రేవులకు తిరిగెను. దానితోపాటు అనుమతిలేని కార్ఖానాలు పలుచోట్ల బయలుదేరెను. పనికివచ్చు ప్లాస్టిక్కును కరిగించి గుళికలుగా అమ్ముకొని, పనికిరానిదానిని చీకటిపడిన తరువాత తగులబెట్టుట వానిలో కొన్నిటి పద్ధతి. అట్టి కార్ఖానాలు 20 వరకు తమ చుట్టును పనిచేయుచున్నవని 2019లో సుంగై పెటాని నివాసులు అనుమానించి, రాత్రులయందు కమ్ముకొను ఘాటువాసనను గూర్చియు, గొంతుమంటను గూర్చియు, ఊపిరాడమిని గూర్చియు అధికారులకు మొరపెట్టుకొనిరి. ఆ సంగతి దేశదేశముల పత్రికలకెక్కెను. 2020 జనవరిలో మలేషియా ప్రభుత్వము 150 పెట్టెల చెత్తను 13 దేశములకు తిరిగి పంపినట్లు ప్రకటించెను. మరుసటి సంవత్సరము జనవరి 1వ తేదీనుండి, బాసెల్ ఒడంబడికకు చేయబడిన సవరణ ప్రకారము, మలినమైన ప్లాస్టిక్ చెత్తను తీసికొను దేశము ముందుగా సమ్మతింపనిదే పంపరాదను నియమము అమలులోనికి వచ్చెను. ప్రజలు నోరుతెరచి అడిగినందువలననే ఇంతమాత్రమైనను జరిగెను.

పొగ ఈ ప్రాంతమునకు అదివరకును పరిచితమైనదే. 1997, 2005, 2013, 2015, 2019 సంవత్సరములలో సుమత్రా, కలిమంతాను దీవులయందు అడవులును, ఎండిన పీటునేలలును తగులబడి, ఆ పొగ సముద్రము దాటి మలేషియాను క్రమ్మెను. 2015లో పాఠశాలలను సహితము మూయవలసి వచ్చెను. గాలియందలి మాలిన్యమును ప్రభుత్వమువారు ఒక సంఖ్యగా ప్రతిదినమును ప్రకటింతురు. ఆ సంఖ్య 50 లోపల నున్న గాలి మంచిది. 100 దాటినయెడల అనారోగ్యకరము. 200 దాటినయెడల మిక్కిలి అనారోగ్యకరము. 300 దాటినచో అపాయకరము. 2018 మధ్యనుండి ఆ లెక్కలో అతిసూక్ష్మములైన కణములను గూడ చేర్చిరి. అవి తలవెంట్రుక మందములో ఇంచుమించు ముప్పదవ వంతు మాత్రమే యుండును గనుక, ముక్కును గొంతును దాటి ఊపిరితిత్తుల అడుగువరకు పోయి, రక్తములోనికిని ప్రవేశింపగలవు. ఉబ్బసముగలవారికే గాక గుండెజబ్బుగలవారికిని పొగదినములలో ప్రమాదము హెచ్చుటకు ఇదియే కారణము. నోటికి కట్టుకొను గుడ్డ ఇట్టి కణములను ఆపజాలదు; ముఖమునకు బిగువుగా అతుకుకొను ఎన్-95 అను ముసుగు చాలవరకు ఆపును.

అయితే పొగను నిందించుటలో నొక చిక్కు కలదు. ఒకే వరుసలో పది యిండ్లుండగా పదియిండ్లవారును అదే గాలిని పీల్చుచున్నారు. పొగ తొలగిన తరువాత తొమ్మిది యిండ్లవారు దగ్గు మాని పనికి పోవుచుండ, పదవ యింటివాడు మూడువారములు గడచినను దగ్గుచునే యున్నయెడల, వాని రొమ్ములో పొగకు ముందే యేదో చేరియుండవచ్చునని అనుమానింపవలయును. పొగ దానిని రేపినది. అట్టివాడు "ఈ యేడు పొగ ఎక్కువ" అని అనుకొని మరి మూడునెలలు గడుపుట ఈ తోటలలో తరచుగా జరుగు పొరపాటు.

పేరు తెలియని ఆయాసమునకు పేరు కనుగొనుటలో తెలుగుదేశమునకు ఒక భాగము కలదు; ఆ కథ మలయాకును సంబంధించినదే గనుక తెలిసికొనదగినది. రాయలసీమయందలి మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమను చోట క్షయరోగులకొరకు ఒక ఆసుపత్రి కలదు. పలు మిషనులవారు కలిసి దానిని 1912లో స్థాపించిరి. దాని తొలి అధికారి ఫ్రిమోట్ మొల్లర్ అను డేనిష్ వైద్యుడు. క్షయగా ఎంచి అచ్చటికి పంపబడినవారిలో కొందరి స్థితి ఆయనకు వింతగా తోచెను. వారికి రాత్రివేళ, ముఖ్యముగా తెల్లవారుజామున, దగ్గును పిల్లికూతలును విపరీతముగా వచ్చుచుండెను, బరువు తగ్గుచుండిరి, ఎక్స్-రే పటములో ఊపిరితిత్తులనిండ చిన్నచిన్న మచ్చలు కనబడుచుండెను. ఇవన్నియు క్షయవలెనే యున్నవి. అయినను కళ్లెలో క్షయక్రిమి మాత్రము ఎంత వెదకినను కానరాలేదు. రక్తమును పరీక్షింపగా తెల్లకణములలో ఇయోసినోఫిల్ అను జాతి పలురెట్లు హెచ్చియుండెను. ఇది క్షయ కాదనియు, క్షయను పోలిన వేరొక వ్యాధియనియు 1940లో ఆయనయు బార్టన్ అను సహవైద్యుడును కలిసి ప్రకటించిరి.

ఆ వ్యాధికి కారణము అప్పటికి తెలియదు. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దానికి ఉష్ణమండలపు ఇయోసినోఫిలియా యని పేరుపెట్టి, పాషాణము కలిసిన మందుతో అది తగ్గుచున్నదని వ్రాసెను. తరువాత 1950ల దశాబ్దమున సింగపూరునందు టి. జె. దనరాజ్ అను వైద్యుడు, బోదకాలు వ్యాధికి వాడబడు మాత్రతోనే ఈ దగ్గు కుదురుచున్నదని చూపెను. కౌలాలంపూరునందలి మలయా విశ్వవిద్యాలయమున వైద్యశాఖకు మొదటి అధిపతియైనది ఈయనయే. అప్పుడు మూలము బయటపడెను: దోమకాటువలన శరీరములో చేరు బోదకాలు పురుగుల సూక్ష్మమైన పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకొనగా, శరీరము వానిమీద అతిగా తిరుగబడుటయే ఈ ఆయాసము. ఆ పురుగులలో ఒక జాతికి మలయా దేశము పేరే పెట్టబడినది. మరియొక జాతి కోస్తా ఆంధ్రమున బోదకాలునకు మూలము. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములనుండి మలయా తోటలకు వచ్చిన తెలుగు కూలీలు ఒక బోదకాలు సీమనుండి మరియొక బోదకాలు సీమకే వచ్చిరి. ఇప్పుడు ఈ వ్యాధి అరుదైనది. అయినను, క్షయరోగియని ముద్రపడి ఇల్లువిడిచి మంచముపట్టవలసినవాడు, ఒక రక్తపరీక్షవలనను మూడువారముల మాత్రలవలనను పనిలోనికి తిరిగిపోగలిగెనన్న సంగతి మరువదగినది కాదు. అతనికి మేలు చేసినది మందుకంటె ముందు, రోగమునకు సరియైన పేరు.

దీనికి విరుద్ధముగా జరుగునదియు కలదు. అది మరింత అపాయకరము. క్షయయే యుండగా దానిని ఆయాసమని పిలిచి దాచుట అది. మలేషియాలో 2022వ సంవత్సరమందు 25,000కు పైగా క్షయరోగులు లెక్కకు వచ్చిరి. రెండువారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, కారణములేక బరువు తగ్గుట, కళ్లెలో రక్తపు చార, వీనిలో ఏవి కనబడినను కళ్లెపరీక్షయు ఎక్స్-రేయు చేయించుకొనవలయును. కాని ఆడపిల్లకు సంబంధము చెడిపోవునని తల్లిదండ్రులును, పొరుగువారు నీళ్లబిందె ముట్టనియ్యరని కోడండ్రును దగ్గును దాచుదురు. ఈ సిగ్గునకు ఆధారమైన భయము పాతకాలపుది. ఆ కాలమున మందు లేదు. ఆరోగ్యవరమువంటి చోట్ల మంచిగాలియు, విశ్రాంతియు, ఆహారమును మాత్రమే చికిత్స. 1944లో స్ట్రెప్టోమైసిను రోగులకు ఇయ్యబడినది మొదలు ఆ స్థితి మారెను. మద్రాసునగరమున 1956లో ప్రారంభించిన పరిశోధన యొకటి ఇంకొక భయమును గూడ పోగొట్టెను. ఇరుకైన పేదయిండ్లలోనే యుండి మందులు పుచ్చుకొనినవారికిని, ఆసుపత్రిలో చేర్చబడినవారికిని వ్యాధి సమానముగానే కుదిరెననియు, ఇంటిలోనున్న రోగివలన ఆ యింటివారికి అధికముగా అంటుకొనలేదనియు ఆ పరిశోధకులు ప్రకటించిరి. సరియైన మందులు మొదలుపెట్టిన కొద్దివారములలోనే సాధారణముగా అంటుగుణము తగ్గిపోవును. ఇంటివారికి ప్రమాదము కలిగించువాడు మందు పుచ్చుకొనుచున్నవాడు కాడు. పరీక్షకు పోక దగ్గును దాచుచున్నవాడే. మందులు ఆరుమాసములు వాడవలయును. రెండవమాసమున ఒళ్లు కుదుటపడగానే మానివేసినవానికి వ్యాధి తిరుగబెట్టవచ్చును, అదియు మందునకు లొంగనిదై తిరుగబెట్టవచ్చును.

ఉబ్బసమును గూర్చి తోటలలో మరియొక అపోహ బలముగా నాటుకొనియున్నది. నోటితో పీల్చు మందుపంపు ఒకసారి పట్టినయెడల జన్మమంతయు వదలదనియు, అది చివరిదశ మందనియు చెప్పుకొందురు. అందుచేత పిల్లవానికి పంపు ఇచ్చుటకు నాయనమ్మలు ఒప్పుకొనరు. నిజమేమనగా, మాత్రగా మ్రింగినప్పుడు శరీరమంతటికిని పోవు మందు, పంపుద్వారా ఊపిరిగొట్టములకు మాత్రమే స్వల్పపరిమాణములో చేరును. ఉబ్బసములో ఆ గొట్టములు లోపల ఎఱ్ఱబారి వాచియుండును. నీలిరంగు పంపు బిగిసిన గొట్టమును కొన్నిగంటలు తెరచును గాని వాపును తీయదు. వాపును తీయు మందు వేరు. దానిని బాగున్న దినములలో గూడ పీల్చుచుండవలయును. ఉబ్బసముపై వైద్యులకు సలహాలిచ్చు గీనా అను అంతర్జాతీయ సంఘమువారు, పెద్దపిల్లలును పెద్దలును నీలిపంపు నొక్కదానినే నమ్ముకొనరాదని 2019నుండి స్పష్టముగా చెప్పుచున్నారు. నెలకొక నీలిపంపు ఖాళీ చేయువాడు ఎక్కువమందు దొరికినందుకు సంతోషింపరాదు. వాని రోగము అదుపులో లేదనుటకు అదియే గుర్తు. పీల్చు పద్ధతి తప్పినచో మందు నాలుకకు అంటి పోవును గనుక, క్లినిక్కునందు నర్సు ఎదుట ఒకసారి పీల్చి చూపి సరిచేయించుకొనుట మంచిది.

పంపునకు భయపడువారే అంగళ్లలోను సంతలలోను అమ్మబడు పొడులను, జాము మందులను భయములేక మ్రింగుట వింత. ఒక్క పొట్లముతో ఆయాసము, కీళ్లనొప్పి, ఆకలిలేమి మూడును పోయినవని చెప్పబడు మందును అనుమానింపవలయును. ఇట్టి పొడులలో డెక్సామెథసోన్ అను స్టెరాయిడును రహస్యముగా కలుపుచున్నారని మలేషియా ఔషధాధికారులు పలుమారులు పట్టుకొని ప్రకటించిరి. దానివలన దినములలో గుణము కనబడుమాట నిజమే. మాసములలో ముఖము ఉబ్బును, చక్కెరవ్యాధి ముదురును, ఎముకలు గుల్లబారును. లోపలనున్న క్షయ నిద్రలేచును. హఠాత్తుగా మానివేసినను ప్రాణాపాయమే గనుక, అట్టి పొడి నెలలతరబడి వాడినవారు ఆ పొట్లమును వెంటతీసికొని వైద్యునియొద్దకు పోవలయును. ఇంటిలో కాచుకొను అల్లము, తులసి, మిరియాల కషాయముతో ఇట్టి చిక్కు లేదు, గొంతునకు హాయినిచ్చును. అది దగ్గును కొంత శాంతింపజేయును గాని దాని మూలమును తెలుపజాలదు.

రొమ్ములోని బాధ ఊపిరితిత్తులది కాక గుండెది యగుట కలదు. గుండెకు రక్తము చాలనప్పుడు పుట్టు నొప్పి తరచుగా పొడిచినట్లుండదు; బరువు పెట్టినట్లును, పిడికిట బిగించినట్లును ఉండును. నడచినప్పుడు, గెలలు మోసినప్పుడు వచ్చి, నిలిచినప్పుడు తగ్గును. అది ఎడమచేతికిని దవడకును ప్రాకవచ్చును. వానితోకూడ చల్లని చెమట పట్టవచ్చును. విశ్రాంతిలోను తగ్గక పావుగంట నిలిచినయెడల తెల్లవారువరకు ఆగరాదు, 999కి ఫోను చేయవలయును. స్త్రీలకును, చక్కెరవ్యాధిగలవారికిని నొప్పియే లేక, ఉత్త ఆయాసముగాను, అజీర్ణముగాను, చెప్పరాని అలసటగాను గుండెపోటు వచ్చుట కలదు. మలేషియాలో జరిగిన జాతీయ ఆరోగ్య పరిశీలనలయందు చక్కెరవ్యాధి భారతీయ సంతతివారిలో అందరికంటె అధికముగా కనబడుచున్నది గనుక ఈ మాట తెలుగు కుటుంబములకు దగ్గరిది. పడుకొన్నచో ఊపిరాడక దిండ్లమీద దిండ్లు పెట్టుకొనువారు, సాయంకాలమునకు పాదములు వాచువారు గుండె నీరసించినదేమో చూపించుకొనవలయును. రక్తహీనతవలన గూడ మెట్లెక్కినంతనే రొప్పు వచ్చును. తక్కువ తిని ఎక్కువ పనిచేయు తల్లులలో ఇది కొత్త కాదు, పరీక్షయు చిన్నదే.

ఇంటిలోని గాలిని గూర్చి ఒక మాట. తోటలలో కట్టెపొయ్యి చాలవరకు పోయి గ్యాసు వచ్చినది. అయినను యాభైయేండ్లు రబ్బరుకట్టెల పొగలో వంటచేసిన స్త్రీలు ఒక్క చుట్టయైనను ముట్టకున్నను, చుట్టలు త్రాగినవారివలెనే ఊపిరితిత్తులు చెడి బాధపడుదురు. వైద్యుడు "పొగ త్రాగుదువా?" అని అడిగినప్పుడు "లేదు" అని ఊరకుండక, పొయ్యిపొగ సంగతి చెప్పవలయును. కట్టెపొయ్యి పోయినను దోమలచుట్ట మిగిలినది. చైనా, మలేషియా దేశములలో అమ్మబడు దోమలచుట్టలను పరీక్షించి 2003లో ప్రకటించిన యొక పరిశోధన ప్రకారము, ఒక్క చుట్ట కాలిపోవునప్పుడు వెలువడు సూక్ష్మకణముల బరువు 75 మొదలు 137 సిగరెట్లవరకు సమానము. తలుపులు మూసిన గదిలో, పసిబిడ్డ తలాపున, రాత్రియంతయు దానిని కాల్చుట ఎట్టిదో తల్లులు యోచింపవలయును. దోమ డెంగీని తెచ్చును గనుక దోమను ఊరక విడువుమనియు చెప్పరాదు. దోమతెర, కిటికీ జాలి, నీళ్లు నిలువనియ్యని వాకిలి, ఇవి పొగలేని మార్గములు. ఇంటి మగవారి సిగరెట్టు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వరండాలో త్రాగినను దాని పొగ లోపలికి రాకమానదు.

తోటపనిలోని గాలిని గూర్చి వ్రాయువారు తక్కువ. రబ్బరుపాలు గడ్డకట్టకుండ అమ్మోనియా పోయుదురు. గడ్డకట్టించుటకు ఫార్మిక్ ఆమ్లము పోయుదురు. రెంటి ఆవిరియు కండ్లను, గొంతును, ఊపిరిగొట్టములను మండించును. రబ్బరు రేకులను పొగగదిలో ఆరవేయువారు పొగలోనే జీవితము గడుపుదురు. కలుపును చంపుటకు చల్లు మందులలో పారాక్వాటు అనునది మ్రింగినవాని ఊపిరితిత్తులను మాంసపుముద్దవలె గట్టిపడజేయును. దానికి విరుగుడు లేదు. మలేషియా ప్రభుత్వము దానిని 2002లో నిషేధింప నిశ్చయించి, 2006లో సడలించి, తుదకు 2020 జనవరి 1నుండి పూర్తిగా నిషేధించెను. నడుమ గడచిన సంవత్సరములలో వీపున డబ్బాకట్టుకొని దానిని చల్లినవారిలో ఆడవారే ఎక్కువ. ఒక చట్టము నిలుచుటకు పదునెనిమిదేండ్లు పట్టుట చల్లువారి ఊపిరికి ఎంత విలువ కట్టబడెనో తెలుపుచున్నది.

కావున వైద్యునియొద్దకు పోవువాడు తన దగ్గునే గాక తన పనిని గూడ చెప్పవలయును. ఏ మందు చల్లుచున్నాడో, ఏ తొట్టియొద్ద నిలుచుచున్నాడో, సెలవుదినములలో ఆయాసము తగ్గి పనిదినమున మరల వచ్చుచున్నదేమో చెప్పవలయును. ఆదివారము హాయిగా నుండి సోమవారము సాయంకాలమునకు పిల్లికూతలు వచ్చువాని రోగము పనిచోటున పుట్టినదేమో వైద్యుడు చూడవలసియుండును. పనివలన కలుగు ఉబ్బసము 1969నాటి ఉద్యోగుల సాంఘిక భద్రతా చట్టమునందు వృత్తిరోగముగా గుర్తింపబడినది. పెర్కెసో అనబడు సంస్థ దానికి పరిహారము చెల్లించును; 2019 జనవరినుండి పరదేశపు కూలీలకును ఆ రక్షణ కలదు. అయితే వైద్యుని కాగితములో పనిపేరు లేకయున్నచో ఆ హక్కును రుజువుచేయుట కష్టము. "ఆయాసము" అని మాత్రమే వ్రాసిన చీటి ఏ కార్యాలయమునందును చెల్లదు.

ఇన్నియు వినిన తరువాత తోటకూలి అడుగు ప్రశ్న ఒకటి కలదు, అది న్యాయమైనది: క్లినిక్కునకు పోయిననాటి కూలి ఎవరిత్తురు? పౌరులకు ప్రభుత్వ క్లినిక్కునందు రుసుము ఒక్క రింగిట్టే; కాని బస్సునకును, పోయిన కూలికిని లెక్కకట్టినచో ఆ రింగిట్టు పెద్దదగును. 1955నాటి ఉద్యోగచట్టము దీనికి జవాబు చెప్పుచున్నది. రెండేండ్లలోపు సేవగలవానికి సంవత్సరమునకు 14 దినములును, అయిదేండ్లలోపువానికి 18 దినములును, ఆపైవానికి 22 దినములును జీతముతోకూడిన రోగసెలవు కలదు. ఆసుపత్రిలో చేరవలసినవానికి 60 దినములవరకు కలదు. వైద్యుని చీటి తెచ్చి, రెండుదినములలోపల యజమానికి తెలుపవలయును. ఈ సెలవు దయాధర్మము కాదు, హక్కు. దానిని అడిగినవానిని సోమరియని పిలుచు మేస్త్రీలు కలరు. అయితే దగ్గుచు పనికి వచ్చినవాడు పదిమందికి అంటించినచో తోటకే నష్టమని దొరలకు తెలియవలయును. కాంట్రాక్టరు చేతిక్రింద పనిచేయువారి విషయములో ఈ చట్టము పేరున కూడ వినబడకున్నదను సంగతియు వారు విచారింపవలయును.

క్లినిక్కునకు పోవువాడు వెంట తీసికొనిపోవలసినవి స్వల్పము: వాడుచున్న మందులన్నియు, అంగడి పొట్లములతో సహా, దగ్గు మొదలైన తేదీ, అది రాత్రి ఎక్కువయా పగలు ఎక్కువయా యను గుర్తు, ఎంతదూరము నడచిన రొప్పు వచ్చుచున్నదో ఆ లెక్క, ఇంటిలో ఎవరికైన క్షయ వచ్చియుండినయెడల ఆ సమాచారము. ముసలివారితోకూడ మలయా భాష తెలిసిన మనుమడో మనుమరాలో పోవుట మేలు; "సెంపుట్" అను నొక్కమాటతో తిరిగిరాక, వైద్యుడు చెప్పిన రోగము పేరును కాగితముమీద వ్రాయించుకొని రావలయును. పెద్దపరీక్షలు కావలసినప్పుడు క్లినిక్కువారే పట్టణములోని సుల్తాన్ అబ్దుల్ హలీమ్ ఆసుపత్రికి చీటి వ్రాసి పంపుదురు. సుమత్రా పొగ సాధారణముగా జూను మొదలు సెప్టెంబరువరకు వీచు నైరుతిగాలితో వచ్చును గనుక, ఉబ్బసమునకును గుండెకును మందులు వాడువారు మే నెలలోనే ఒకసారి చూపించుకొని, పంపులను నింపుకొని యుంచుకొనవలయును.